ఓపెన్ సీటు ఎవరిది? రిజర్వేషన్ల లెక్కపై పాఠకుల ప్రశ్నలు

కౌన్సెలింగ్‌ల కాలం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం రిజర్వేషన్ల చుట్టూనే తిరుగుతున్నాయి. రిజర్వేషన్లు ఉండాలా, తీసేయాలా అని వాదించిన ఉత్తరాలను ఈసారికి పక్కన పెట్టాం. ఉన్న విధానంలో ఒక సీటును గానీ ఒక ఉద్యోగాన్ని గానీ ఎవరి ఖాతాలో, ఏ నిబంధన ప్రకారం లెక్కిస్తారో అడిగినవాటిని మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: మేము ఓసీలం. మా అబ్బాయికి ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాలో ఓసీ సీటు కొద్దిలో తప్పిపోయింది. తీరా చూస్తే అదే కళాశాల ఓసీ జాబితాలో బీసీ-డి, ఎస్సీ విద్యార్థుల పేర్లు ఉన్నాయి. వాళ్ల కోటా వాళ్లకు ఉండగా మా కోటాలోకి ఎలా వచ్చారు? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: ఓసీ సీట్లు ఏ కులానికీ కేటాయించిన కోటా కావు. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10 శాతం, బీసీలకు ఐదు గ్రూపులుగా 29 శాతం, అంటే బీసీ-ఏకు 7, బీసీ-బీకి 10, బీసీ-సీకి 1, బీసీ-డీకి 7, బీసీ-ఈకి 4 శాతం సీట్లు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీల వాటా 6 శాతం, మిగతావన్నీ ఇవే అంకెలు. ఈ వాటాలు పోగా మిగిలిన సీట్లు రాష్ట్రంలోని అర్హులైన విద్యార్థులందరివీ. ఆ అందరిలో మీ అబ్బాయీ ఉన్నాడు, ఎస్సీ విద్యార్థీ ఉన్నాడు, కాబట్టి మీ ఉత్తరంలోని ‘మా కోటా’ అన్నది అసలు లేదు.

భర్తీ చేసే క్రమాన్ని గమనిస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. ముందుగా కులంతో నిమిత్తం లేకుండా మొదటి ర్యాంకు నుంచి కిందికి వస్తూ ఓపెన్ సీట్లన్నీ నింపుతారు. ఆ వరుసలో వచ్చిన బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు తమ ర్యాంకుతోనే సీటు సంపాదించినవారు గనుక వారిని రిజర్వేషన్ ఖాతాలో రాయరు. ఆ తర్వాతే ఆయా వర్గాల జాబితాలు తీస్తారు. ఈ క్రమాన్ని తిరగేసి, ముందే రిజర్వుడ్ సీట్లను ఆయా వర్గాల్లోని మంచి ర్యాంకులవారితో నింపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఎస్సీలలో ఎంతమంది ప్రతిభావంతులున్నా 100లో 15 సీట్లు దాటలేరు. చేయూతగా ఇచ్చిన వాటా కాస్తా అంతకు మించి ఎదగనివ్వని గీతగా మారిపోతుంది. ఓపెన్ పోటీలో ప్రతిభతో నెగ్గినవారిని రిజర్వేషన్ కోటాలో లెక్కించకూడదని 1992 నవంబరు 16న ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది కూడా.

మీ ఉత్తరం చదివాక మాకు వచ్చిన అనుమానం ఇంకొకటి ఉంది. ఓసీ సీటులో కనిపించిన ఆ బీసీ-డి విద్యార్థి ర్యాంకు మీ అబ్బాయి ర్యాంకు కంటే తక్కువదని మీరు రాశారు. అది నిజమే అయి ఉండవచ్చు, అయినా అందులో తప్పేమీ లేకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే వైద్య ప్రవేశాల్లో అందరి నోటా నలిగే 550 జీవో సంగతి చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001 జూలై 30న ఇచ్చిన ఉత్తర్వు అది.

ఒక బీసీ-డి అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చి, ఓపెన్ జాబితాలోనే ఒక జిల్లా కళాశాలలో సీటు దక్కిందనుకుందాం. ఆమె కోరుకున్నది గాంధీ వైద్య కళాశాల. అక్కడ ఓపెన్ సీట్లు అంతకంటే మంచి ర్యాంకులవారితో నిండిపోయాయి, బీసీ-డి సీటు మాత్రం ఖాళీగా ఉంది. ఓపెన్‌లో నెగ్గిన పాపానికి ఆమెను జిల్లా కళాశాలకే పరిమితం చేస్తే, ఆమె కంటే తక్కువ ర్యాంకు వచ్చిన మరో బీసీ-డి విద్యార్థి గాంధీలో చేరతాడు. అందువల్ల ఆమెను గాంధీలోని బీసీ-డి సీటుకు మారనిస్తారు. కౌన్సెలింగ్ భాషలో దీన్నే స్లైడింగ్ అంటున్నారు. అలా మారినప్పుడు బీసీ-డి వర్గానికి ఉన్న సీట్లలో ఒకటి ఆమెకు ఖర్చయినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆమె ఓపెన్ విద్యార్థిని. ఈ లోటు పూడ్చడానికి జిల్లా కళాశాలలో ఆమె వదిలిన ఓపెన్ సీటును మరో బీసీ-డి విద్యార్థితో నింపుతారు. మీరు చూసిన జాబితాలో ఓసీ సీటు ఎదురుగా బీసీ-డి పేరు, మీ అబ్బాయి కంటే వెనకటి ర్యాంకు కనిపించడానికి ఇదే కారణం కావచ్చు. మొత్తం సీట్లు కూడి చూస్తే ఓపెన్‌లో నెగ్గినవారి సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు. ఇద్దరూ సీట్లు మార్చుకున్నారంతే.

జాబితాలు ప్రకటించేటప్పుడు ‘స్లైడింగ్ వల్ల ఖాళీ అయిన సీటు’ అని పక్కన ఒక్క మాట రాస్తే ఇలాంటి ఉత్తరాలు సగం తగ్గుతాయి. ఆ మాట రాయకపోవడం వల్లే తల్లిదండ్రులు మోసం జరిగిందని నమ్ముతున్నారు, ఆ కోపం తోటి విద్యార్థుల మీదికి మళ్లుతోంది.

ఉద్యోగాల దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వ నియామకాల్లో ఓపెన్ పోస్టు ఖాతాలోకి రావాలంటే, రిజర్వుడ్ అభ్యర్థి వయోపరిమితిలో గానీ, పరీక్ష రాసే అవకాశాల సంఖ్యలో గానీ, కనీస అర్హతల్లో గానీ సడలింపు వాడుకుని ఉండకూడదు. పరీక్ష ఫీజు మినహాయింపును మాత్రం సడలింపుగా లెక్కపెట్టరు. ముప్పై నాలుగేళ్ల ఓబీసీ యువకుడు వయోసడలింపుతో సివిల్ సర్వీసెస్ రాసి ఓపెన్ కటాఫ్ దాటినా, అతన్ని ఓబీసీ ఖాతాలోనే చూపుతారు.

ప్రశ్న: నేను ఎస్టీ అభ్యర్థిని. ఒక కేంద్ర సంస్థ ఇచ్చిన నోటిఫికేషన్‌లో 6 పోస్టులు ఉంటే 5 జనరల్, 1 ఓబీసీ అని వేశారు. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. ఏడున్నర శాతం ఎక్కడికి పోయినట్టు? (పాడేరు నుంచి ఒక నిరుద్యోగి)

జవాబు: ఆరింటిలో ఏడున్నర శాతమంటే అర పోస్టు కూడా రాదు. మనిషిని ముక్కలు చేసి నియమించలేం గనుక, శాతాలను వరుస సంఖ్యలుగా మార్చే పట్టిక ఒకటి పెట్టుకున్నారు. అదే రోస్టర్. దాని తయారీ వెనుక ఉన్న లెక్క చాలా సులువు, అయినా పోటీ పరీక్షలకు ఏళ్ల తరబడి చదివే అభ్యర్థుల్లో కూడా దీన్ని చూసినవారు తక్కువ.

ఓబీసీల వాటా 27 శాతం. ఒక్కో పోస్టు పెరిగే కొద్దీ 27 శాతాన్ని కూడుతూ వెళితే మూడో పోస్టు దగ్గర 0.81, నాలుగో పోస్టు దగ్గర 1.08 వస్తుంది. ఒకటి నిండింది కాబట్టి నాలుగో పాయింటు ఓబీసీలది. ఎస్సీలకు 15 శాతం, వారికి ఆరో పోస్టు దగ్గర 0.90, ఏడో పోస్టు దగ్గర 1.05 అవుతుంది, కనుక ఏడో పాయింటు ఎస్సీలది. ఆర్థికంగా బలహీన వర్గాలకు (ఈడబ్ల్యూఎస్) 10 శాతం, సరిగ్గా పదో పాయింటు. ఎస్టీలకు ఏడున్నర శాతంతో పదమూడో పోస్టు దగ్గర 0.975 దాకా వచ్చి ఆగి, పద్నాలుగో పోస్టు దగ్గర 1.05 అవుతుంది. అదే పద్నాలుగో పాయింటు దగ్గర ఎస్సీల రెండో వంతు కూడా నిండుతుంది. రెండు వర్గాలు ఒకేచోట తగిలినప్పుడు ఎస్టీలకు పద్నాలుగు ఇచ్చి ఎస్సీలను పదిహేనుకు జరిపారు. ఇలా 200 పాయింట్లకు పట్టిక వేసి ఉంది.

మీ నోటిఫికేషన్‌లోని పోస్టులు ఆ కేడర్‌లో, అంటే ఒకే హోదాకు చెందిన పోస్టుల సమూహంలో, మొదటి ఆరు అయితే నాలుగోది ఓబీసీ, మిగతా ఐదు జనరల్ అని చూపడం నిబంధన ప్రకారమే జరిగింది. అయితే వ్యవహారం అక్కడితో ఆగిపోకూడదు. చిన్న కేడర్లలో ఉన్న ఆరుగురిలో ఎవరైనా పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీని ఏడో పాయింటుగా లెక్కించి ఎస్సీలకు ఇవ్వాలి, ఆ తర్వాతి ఖాళీ ఎనిమిదోదిగా ఓబీసీలకు, అలా వెళ్లి పద్నాలుగో వంతు వచ్చేసరికి ఎస్టీలకు దక్కాలి. ఆరుగురే ఉన్న కేడర్‌లో ఇంకా ఎనిమిది ఖాళీలు ఏర్పడాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే ఊహించుకోవచ్చు. న్యాయం ఉందంటే ఉంది, మీ వయసు దాటిపోయాక వస్తుంది.

ఈ పద్నాలుగో పాయింటు వల్ల దేశమంతటా ఒకసారి పెద్ద గొడవే జరిగింది. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులను విశ్వవిద్యాలయం మొత్తం ఒక యూనిట్‌గా కాక, ఒక్కో శాఖను ఒక్కో యూనిట్‌గా లెక్కించాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పునిచ్చింది. తెలుగు శాఖలోనో భౌతికశాస్త్ర శాఖలోనో ఒక హోదాలో ఉండేది ఇద్దరు ముగ్గురు. అలాంటిచోట నాలుగో పాయింటు కూడా అందదు, ఇక ఏడు, పద్నాలుగు సంగతి చెప్పనక్కర్లేదు. శాతాలు రాజ్యాంగబద్ధంగా అలాగే ఉన్నాయి, లెక్కించే యూనిట్ మారేసరికి పోస్టులు మాయమయ్యాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోకపోవడంతో ఆందోళనలు చెలరేగాయి. మార్చిలో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, అదే ఏడాది చట్టం చేసి, మళ్లీ విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా స్థిరపరిచింది. రిజర్వేషన్ల మీద చర్చ అంతా శాతాల మీదే జరుగుతుంది గానీ, అసలు తేడా చాలాసార్లు ఇలాంటి పద్దుల్లోనే పడుతుంది.

రాష్ట్ర సర్వీసుల్లో పట్టిక వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1996 నాటి సర్వీసు నిబంధనల్లోని 22వ నిబంధన కింద 100 పాయింట్ల రోస్టర్ ఉండేది. అందులో రెండో పాయింటు ఎస్సీలకు, నాలుగోది బీసీ-ఏకు, ఎనిమిదోది ఎస్టీలకు వచ్చేవి. రెండు రాష్ట్రాలూ ఆ తర్వాత తమ తమ మార్పులు చేసుకున్నాయి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఆ కేడర్ రోస్టర్ రిజిస్టర్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మొత్తం మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడు పనిచేస్తున్నవారు ఏయే పాయింట్ల మీద చేరారు, నోటిఫికేషన్‌లోని ఆరు ఖాళీలు ఏ పాయింట్లు అన్నవి అడగండి. కేడర్‌లో నిజంగా ఆరే ఉన్నాయా, లేక ఇరవై పోస్టుల్లో ఆరు ఖాళీలా అన్నది తేలాలి. 1995లో సబర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం రిజర్వేషన్‌ను ఖాళీల సంఖ్య మీద కాక కేడర్‌లోని మొత్తం పోస్టుల మీద లెక్కించాలి. ఇరవై పోస్టుల కేడర్ అయితే పద్నాలుగో పాయింటు ఎప్పుడో దాటి ఉండాలి, ఎస్టీ ఉద్యోగి ఒకరు పనిచేస్తూ ఉండాలి. లేకపోతే అది బ్యాక్‌లాగ్ కింద, అంటే ఆ వర్గానికి ముందే దక్కాల్సి ఉండి నింపకుండా మిగిలిన ఖాళీగా, రావలసిన పోస్టు. 2000లో చేసిన 81వ రాజ్యాంగ సవరణ పుణ్యమా అని బ్యాక్‌లాగ్ పోస్టులను ఆ ఏటి రిజర్వేషన్లకున్న 50 శాతం పరిమితిలో కలపనక్కర్లేదు కూడా. నోటిఫికేషన్‌తో పాటే రోస్టర్ రిజిస్టర్‌ను వెబ్‌సైట్‌లో పెట్టడం ఏ సంస్థకైనా అరగంట పని. అడిగితే గానీ చూపని పద్ధతి ఎందుకు కొనసాగుతోందో మాకు అర్థం కాదు.

ప్రశ్న: మహిళలకు మూడోవంతు పోస్టులంటారు. ఎస్సీ విభాగంలో 15 పోస్టులకు ప్రతిభతోనే ఆరుగురు మహిళలు ఎంపికయ్యారు. మహిళా కోటాలోని ఐదు పోస్టులు అదనంగా మరో ఐదుగురికి రావాలి కదా? (ఎంపిక కాని ఒక అభ్యర్థిని, కరీంనగర్)

జవాబు: మీ నిరాశ అర్థమవుతోంది గానీ లెక్క ప్రకారం రావు. మొదటి జవాబులో ఓపెన్‌లో నెగ్గిన ఎస్సీ అభ్యర్థిని ఎస్సీ కోటాలో లెక్కించరని చెప్పాం. మహిళల విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు నిలువు రిజర్వేషన్లు. మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులు వంటివారివి ఆ నిలువు గళ్లన్నిటినీ అడ్డంగా కోస్తూ పోయే సమాంతర రిజర్వేషన్లు. 2007లో రాజేశ్ కుమార్ దరియా కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది.

మీ ఉదాహరణే తీసుకుందాం. ఎస్సీ పోస్టులు 15, అందులో మహిళలకు కనీసం 5. మొదట ఎస్సీ జాబితాలో పై నుంచి పదిహేను మందిని తీస్తారు. వారిలో మహిళలు ముగ్గురే ఉంటే, జాబితాలో అట్టడుగున ఉన్న ఇద్దరు పురుషులను తీసేసి తర్వాతి ఇద్దరు మహిళలను తెస్తారు. ఐదుగురు ఉంటే చేయవలసింది ఏమీ లేదు. ఆరుగురుంటే ఆరుగురూ ఉంటారు, ఒకరిని తగ్గించరు, ఐదుగురిని కలపరు. ప్రతిభతో వచ్చిన మహిళలనూ ఈ కనీస సంఖ్యలోనే చూస్తారు.

మన దగ్గర ఈ గందరగోళానికి చరిత్ర ఉంది. పాత రోస్టర్‌లో ఫలానా పాయింటు మహిళలకు అని ముందే గుర్తు పెట్టేవారు. ఆ పద్ధతిలో ఆ పాయింట్లకు మహిళలు, మిగతా పాయింట్లకు ప్రతిభను బట్టి ఎవరైనా అన్నట్టు నింపడంతో మహిళల సంఖ్య మూడోవంతు దాటేది. అది సమాంతర రిజర్వేషన్ సూత్రానికి విరుద్ధమని కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. చివరకు రెండు రాష్ట్రాలూ నిబంధనలు మార్చుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మహిళలకు రోస్టర్ పాయింట్లు లేకుండానే మూడోవంతు పాటించాలని ఉత్తర్వులిచ్చింది. మీరు పాత నోటిఫికేషన్ల కటాఫ్‌లతో పోల్చి చూసుకుంటూ ఉంటే ఆ పోలిక ఇక పనికిరాదు.

ఓపెన్ విభాగంలోని మహిళా పోస్టులు కూడా ఏ కులానివీ కావని గమనించండి. ఓబీసీ మహిళకు ఓపెన్ మహిళల కంటే ఎక్కువ మార్కులు వచ్చినా ఆమెను ఓపెన్ మహిళా పోస్టుకు పరిగణించని రాష్ట్రాలు ఉండేవి. ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాలకు సంబంధించిన సౌరవ్ యాదవ్ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మీ మార్కులు ఓపెన్ మహిళా కటాఫ్ దాటాయేమో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మా దంపతులం ఇద్దరం సీనియర్ అసిస్టెంట్లం, బీసీ-బీ. జీతాలు కలిపితే ఏడాదికి 15 లక్షలు. మా అమ్మాయికి కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వస్తుందని తోటి ఉద్యోగి అంటున్నారు. పక్కింటి ఓసీ కుటుంబానికి 9 లక్షలకే ఈడబ్ల్యూఎస్ ఇవ్వలేదు. ఇది ఎలా సాధ్యం? (గుంటూరు)

జవాబు: మీ తోటి ఉద్యోగి చెప్పింది నిజం. రెండుచోట్లా 8 లక్షలనే అంకె కనిపించడం వల్ల అందరూ రెండూ ఒకటే పరీక్ష అనుకుంటున్నారు.

ఓబీసీలలో సంపన్న శ్రేణిని (క్రీమీలేయర్‌ను) తేల్చే 1993 నాటి కేంద్ర ఉత్తర్వులు ముందుగా చూసేది తల్లిదండ్రుల ఉద్యోగ హోదా. తల్లి గానీ తండ్రి గానీ నేరుగా గ్రూప్-ఏ స్థాయి అధికారిగా చేరి ఉంటే, లేదా ఇద్దరూ గ్రూప్-బీ అధికారులైతే పిల్లలు సంపన్న శ్రేణిలోకి వెళతారు. గ్రూప్-సీ, గ్రూప్-డీ స్థాయి ఉద్యోగుల పిల్లలకు ఈ నిబంధన వర్తించదు. ఇక ఆదాయ పరీక్షలో జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. అద్దెలు, వ్యాపారం, వడ్డీల వంటి ఇతర ఆదాయం వరుసగా మూడేళ్లు 8 లక్షలు దాటితేనే సంపన్న శ్రేణి. ఈ 8 లక్షల పరిమితి 2017 నుంచి అలాగే ఉంది. మీ ఇద్దరి హోదా గ్రూప్-సీ స్థాయిదే, ఇతర ఆదాయం మీరు రాయలేదు. అది లేకపోతే మీ అమ్మాయి అర్హురాలే. బీసీ-బీలో మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో కూడా ఉందో లేదో మాత్రం ముందుగా చూసుకోండి. రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. అందులో లేకపోతే కేంద్ర సంస్థల్లో ఓబీసీ వర్తించదు.

ఈడబ్ల్యూఎస్ 2019లో 103వ సవరణతో వచ్చింది. దానికి హోదాతో పని లేదు. జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఆదాయం తక్కువైనా ఐదెకరాల వ్యవసాయ భూమి, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్, నోటిఫై చేసిన పట్టణాల్లో వంద చదరపు గజాల నివాస స్థలం, ఇతర ప్రాంతాల్లో రెండొందల గజాల స్థలం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కేంద్ర నిబంధనల ప్రకారం అనర్హులు. పక్కింటివారు 9 లక్షలతో ఆగిపోయింది అందుకే.

ఈ తేడా సమంజసమా అని మీరు అడగలేదు గానీ, రెండు పరీక్షల ఉద్దేశం వేరు. ఒకటి సామాజికంగా వెనుకబడిన వర్గంలో పైకి వచ్చేసినవారిని వడగట్టడానికి, ఇంకొకటి మిగతావారిలో పేదవారిని గుర్తించడానికి పెట్టారు. ఆ రెండో పనికి నెలకు 66 వేల రూపాయలకు పైగా సంపాదించే కుటుంబాన్నీ పేదగా లెక్కగట్టే అంకె ఎలా సరిపోతుందో చెప్పడం మాకు కష్టమే.

ప్రశ్న: మేము ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలం. నాన్న ఉద్యోగరీత్యా పుణె వచ్చి స్థిరపడ్డాం. నేను పుట్టింది, చదివింది ఇక్కడే. మహారాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశాల్లో మా సర్టిఫికెట్ చెల్లుతుందా? (పుణె)

జవాబు: చెల్లదు. ఈ విషయంపై దేశమంతా ఉదహరించే తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ. తండ్రి ఎరువుల కర్మాగార సంస్థ ఉద్యోగంతో బొంబాయి వెళ్లగా, కొడుకు అక్కడి వైద్య కళాశాలల్లో ఎస్టీ సీటు కోరాడు. మహారాష్ట్రలో ఆ కులం జాబితాలో లేదని నిరాకరించారు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం ఆ నిరాకరణను సమర్థించింది. రాజ్యాంగంలోని 341, 342 అధికరణల కింద జాబితాలను రాష్ట్రాల వారీగా ప్రకటిస్తారు గనుక, ఒకచోటి వెనుకబాటును మరోచోటికి మోసుకెళ్లలేమన్నది ఆ తీర్పు సారాంశం. మీ కులం పేరు మహారాష్ట్ర ఎస్సీ జాబితాలో ఉన్నా, వలస వచ్చిన కుటుంబానికి అక్కడి రాష్ట్ర కోటా అందదు.

అయితే కేంద్ర ప్రభుత్వ కోటాలో మీ హక్కు ఎక్కడికీ పోలేదు. తండ్రి గారి స్వస్థలం ఆధారంగా వచ్చిన సర్టిఫికెట్‌తో ఐఐటీలు, ఎన్ఐటీలు, కేంద్ర ఉద్యోగాలు, నీట్ అఖిల భారత కోటా సీట్లు అన్నిటికీ ఎస్సీగా దరఖాస్తు చేయవచ్చు.

ప్రశ్న: ఎస్సీ వర్గీకరణ వల్ల ఎస్సీలకు మొత్తం సీట్లు పెరిగాయా? (ఒంగోలు)

జవాబు: పెరగలేదు. ఆ 15 శాతాన్నే లోపల పంచారు. మీ ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994లో మాదిగ దండోరాగా మొదలైన ఉద్యమం ఫలితంగా రామచంద్రరాజు కమిషన్ వచ్చి, ఏబీసీడీలుగా వర్గీకరణ అమలైంది. ఎస్సీలను విడగొట్టే అధికారం రాష్ట్రాలకు లేదంటూ 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో ఆ తీర్పును తిరగరాసింది. ఇప్పుడు తెలంగాణలో మొదటి గ్రూపుకు 1, మాదిగలున్న రెండో గ్రూపుకు 9, మాలలున్న మూడో గ్రూపుకు 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి తదితరులకు 1, మాదిగ తదితరులకు 6.5, మాల తదితరులకు 7.5 శాతం. అర శాతాలు వచ్చాయి కాబట్టే ఆంధ్రప్రదేశ్‌లో 100 పాయింట్ల రోస్టర్ చాలక 200 పాయింట్లకు వెళ్లవలసి వచ్చింది.

ప్రశ్న: 50 శాతం దాటకూడదంటారు. తమిళనాడులో 69 శాతం ఉంది. తెలంగాణ బీసీలకు 42 శాతం ఇస్తామంటే అడ్డేమిటి? (నల్లగొండ)

జవాబు: 50 శాతం పరిమితిని రాజ్యాంగం నేరుగా విధించలేదు. 1962లో మైసూరు రాష్ట్రానికి చెందిన బాలాజీ కేసులో మొదలై, ఇంద్రా సాహ్నీలో స్థిరపడిన న్యాయస్థానపు గీత అది. అసాధారణ పరిస్థితుల్లో సడలించవచ్చని ఆ తీర్పే అంటుంది గానీ, ఆ పరిస్థితులున్నాయని ఒప్పించడంలో రాష్ట్రాలు పదే పదే విఫలమయ్యాయి. మహారాష్ట్ర మరాఠా కోటా 2021లో, బీహార్ 65 శాతం చట్టం 2024లో ఇలాగే పోయాయి. తమిళనాడు 1994లోనే తన చట్టాన్ని పార్లమెంటు చేత, కోర్టు సవాళ్ల నుంచి చట్టాలకు రక్షణనిచ్చే రాజ్యాంగ తొమ్మిదో షెడ్యూల్లో చేర్పించుకుంది.

మనకూ పాత అనుభవం ఉంది. మురళీధరరావు కమిషన్ సిఫారసుల మేరకు ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో బీసీల కోటాను 44 శాతానికి పెంచగా, అదే ఏడాది హైకోర్టు కొట్టేసింది. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ విద్య, ఉద్యోగాల్లో బీసీలకు 42 శాతం ఇచ్చే బిల్లును ఆమోదించి రాష్ట్రపతికి పంపింది. రాష్ట్రపతి ఆమోదం దొరికినంత మాత్రాన కోర్టు పరీక్ష తప్పదు. తొమ్మిదో షెడ్యూల్లో చేర్చినా, 1973 ఏప్రిల్ 24 తర్వాత చేర్చిన చట్టాలను రాజ్యాంగ మౌలిక స్వరూపం కోణంలో పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పేసింది. తెలంగాణ వాదన నిలబడాలంటే కులగణనలో తేలిన జనాభా శాతాలు ఒక్కటే చాలవు, ఏయే కేడర్లలో, ఏయే కోర్సుల్లో ఏ కులానికి ఎంత ప్రాతినిధ్యం ఉందో చూపే లెక్కలు కావాలి. ఆ లెక్కలు పాడేరు యువకుడిని తెచ్చుకోమన్న రోస్టర్ రిజిస్టర్లలోనే ఉంటాయి, వాటిని ఒకచోట చేర్చే పని ప్రభుత్వానిది.